నియో మొదలెట్టి మధ్యలో వదిలేయకుండా ఆడటం ఎట్టా

మన బెజవాడలో సెకండ్ హ్యాండ్ గేమ్ డిస్కులు అమ్మేవాళ్ళని ఎప్పుడు అడిగినా ఉందండీ అని తీసిచ్చే గేమ్ ఒకటుంది, నియో. డిస్కు మీద చిన్న గీత కూడా ఉండదు, కొన్నోడు పట్టుమని పది రోజులు ఆడితే కదా గీత పడేది. ఓడ మీద ఒన్ర్యోకి అని ఒక పెద్ద బాస్, అంటే దాటితే గానీ ముందుకెళ్ళనివ్వని పెద్ద శత్రువు ఉంటాడు, రెండు చేతులకీ గొలుసులు, గొలుసులకి ఇనప గుండ్లు, అవి గిరగిరా తిప్పుకుంటూ మీదకొస్తాడు, వాడి చేతిలో చచ్చీ చచ్చీ విసుగెత్తి ఎంతొస్తే అంతకి అమ్మేస్తారు. అమ్మేసి ఊరుకుంటారా, ఇదేం గేమురా బాబూ అని పది మందికి చెప్తారు. ఇంకోపక్క ఇదే గేమ్‌ని వందల గంటలు ఆడి, కత్తి ఫైటింగ్ అంటే ఇదేరా, మిగతావన్నీ దీని తర్వాతే అనేవాళ్ళూ ఉన్నారు. రెండు గ్యాంగులూ ఆడింది ఒకే గేమ్. తేడా ఎక్కడొచ్చిందా అని చూస్తే నాకు కనపడింది పీఎస్ కంట్రోలర్ మీద ఒకే బటన్, ఆర్1. దాన్ని పట్టుకున్నోడు ఉండిపోయాడు, పట్టుకోనోడు అమ్మేశాడు. అందుకే జనం ఎక్కువగా తిట్టే తిట్లు ఒక్కోటే తీసుకుని, దానికి మనం ఏం చెయ్యాలో చెప్తాను, కొంచెం పెద్ద పోస్టే, టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు తెలియనోళ్ళ కోసం రెండు ముక్కలు. చేసింది కోయ్ టెక్మో వాళ్ళ టీమ్ నింజా. మొదటిది 2017 ఫిబ్రవరిలో పీఎస్4కి వచ్చింది, అదే ఏడాది నవంబర్‌లో పీసీకి. రెండోది 2020 మార్చిలో, దాని పీసీ వెర్షన్ 2021 ఫిబ్రవరిలో. మూడోది 2026 ఫిబ్రవరిలో పీఎస్5, పీసీలకి. మొదటి దాంట్లో హీరో విలియం ఆడమ్స్, కల్పన కాదు, 1600లో జపాన్ ఒడ్డుకి చేరిన నిజం ఇంగ్లీష్ నావికుడే, కాకపోతే ఆయన నిజంగా ఇన్ని రాక్షసుల్ని నరకలేదు అనుకోండి. తొకుగావా ఇయెయాసు, హట్టోరి హన్జో, సెకిగహారా యుద్ధం, ఇట్టా జపాన్ చరిత్రలో నిజం మనుషులు, నిజం యుద్ధాలు అన్నీ కథలోకి వస్తాయి. రెండోది అంతకంటే వెనకటి కథ, ఓడా నొబునాగా కాలం, హీరో సగం మనిషి సగం యోకాయ్. యోకాయ్ అంటే వాళ్ళ దెయ్యాలు, భూతాలు అనుకోండి.

ఇంకొకటి చెప్పాలి, ఈ సిరీస్‌లో ఆడినోళ్ళ మాటకి విలువుంది. 2016 ఏప్రిల్‌లో ఆల్ఫా డెమో, అంటే గేమ్ పూర్తికాకముందే రుచి చూపించే ముక్క వదిలినప్పుడు కత్తులు, కవచాలు వాడేకొద్దీ అరిగిపోయేవి, ఫైట్ మధ్యలో కత్తి పాడయ్యేది. జనం మాకిది వద్దు మొర్రో అన్నారు, వాళ్ళు సర్వే పెట్టి మరీ అడిగి ఆ అరుగుదల మొత్తం పీకేశారు. అదే ఏడాది ఆగస్టులో ఇంకో డెమో ఇచ్చి మళ్ళీ అడిగారు. అంటే ఇప్పుడు గేమ్‌లో మిగిలిన కష్టం జనం మాట విన్నాక కూడా ఉంచాలనుకుని ఉంచిన కష్టం, కాబట్టి అది తగ్గుద్దేమోనని ఎదురుచూడటం దండగ.

సరే, మొదటి తిట్టు. "మరీ కష్టం, రెండు దెబ్బలకే పోతున్నా, కొడదామంటే చెయ్యి లేవట్లేదు."

ఈ చెయ్యి లేవట్లేదు అన్న దగ్గరే ఉంది అసలు విషయం. లైఫ్ బార్ కింద ఇంకో బార్ ఉంటుంది, దాని పేరు కీ, మీ ఊపిరి అనుకోండి. కొట్టినా, పక్కకి దూకినా, పరిగెత్తినా, దెబ్బ కాసుకున్నా అది ఖర్చవుద్ది. సున్నాకి వచ్చిందంటే మీ వాడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ నిలబడతాడు, మీరు ఏ బటన్ నొక్కినా పలకడు, ఆ టైంలో ఒక్క దెబ్బ పడితే పని అయిపోద్ది. కొత్తోళ్ళందరూ చేసేది ఏంటంటే స్క్వేర్, స్క్వేర్, స్క్వేర్, స్క్వేర్, వాడు చచ్చేదాకా నొక్కడం. వేరే గేముల్లో నడుస్తుంది. ఇక్కడ నాలుగో స్క్వేర్‌కి ఊపిరి అయిపోద్ది.

ఇప్పుడు ఇట్టా చెయ్యండి. మొదటి ఊళ్ళో ష్రైన్ (దారిలో కనపడే చిన్న గుడి) పక్కన, ఎవరూ లేని చోట నిలబడి గాల్లోనే రెండు సార్లు కత్తి తిప్పండి, తిప్పి ఆగండి. కింద బార్‌లో ఖర్చయిన ముక్క మెల్లగా నిండుతూ కనపడుద్ది, అదే టైంలో మీ వాడి ఒంటి చుట్టూ నీలం చుక్కలు పోగై లోపలికి వస్తాయి. అవి పూర్తిగా ఒంటికి చేరిన ఆ క్షణంలో ఆర్1 నొక్కండి. టంగుమని ఒక మెరుపొచ్చి, ఖర్చయిందంతా ఒక్కసారిగా వెనక్కొచ్చేస్తుంది. తొందరపడి నొక్కితే కొంచెమే వస్తుంది, ఆలస్యం చేస్తే ఏమీ రాదు. దీన్నే కీ పల్స్ అంటారు. శత్రువు లేకుండా ఒక పావుగంట ఇదే చెయ్యండి, ఇంట్లోవాళ్ళు చూస్తే వీడేంటి గాల్లో కత్తి తిప్పుతున్నాడు అనుకుంటారు, అనుకోనీయండి. రెండు కొట్టు, ఆర్1, రెండు కొట్టు, ఆర్1. వేలికి ఆ లయ పట్టేదాకా ముందుకెళ్ళకండి. మెనూలో డోజో మిషన్లు కూడా ఉంటాయి, జనం బోరు అని దాటేస్తారు గానీ మొదటి రెండు మూడు కచ్చితంగా ఆడండి.

ఇప్పుడు దీనికి రెండో సగం. శత్రువుకి కూడా అదే బార్ ఉంటుంది, వాడి లైఫ్ కిందే. మన జనం వాడి లైఫ్ బార్ వైపే చూస్తారు, చూడాల్సింది కింద బార్. మీరు దెబ్బ కాసుకుంటుంటే వాడు కొట్టీ కొట్టీ అలిసిపోతాడు, వాడు కత్తి అడ్డం పెట్టినప్పుడు మీరు కొట్టినా వాడి ఊపిరే తగ్గుద్ది. అది సున్నా అయ్యాక వాడూ మీలాగే రొప్పుతాడు, అప్పుడు దగ్గరకెళ్ళి ట్రయాంగిల్ నొక్కితే పెద్ద దెబ్బ ఒకటి పడుద్ది. ఈటెతో నిలబడ్డ మామూలు సైనికుడి మీద ఇది ట్రై చేసి చూడండి. వాడు మూడు పోట్లు పొడుస్తాడు, మీరు ఎల్1 పట్టుకుని కాసుకోండి, మూడోది అవ్వగానే రెండు కొట్టి ఆర్1, వాడు మళ్ళీ పొడవబోతే కాసుకుని ఇంకో రెండు, ఈలోపు వాడి బార్ ఖాళీ. అదే సైనికుడు అంతకుముందు మిమ్మల్ని ఊరంతా తరిమి కొట్టినోడు.

యోకాయ్ దగ్గర ఒక మెలిక ఉంది. అవి నేల మీద బూడిద రంగు మడుగు ఒకటి వదులుతాయి, అందులో నిలబడితే మీ ఊపిరి నత్తనడక నడుస్తుంది, వాటికి మాత్రం ఏమీ కాదు. చాలామంది దాని నుంచి పారిపోతారు. పారిపోకండి, ఆ మడుగులోనే నిలబడి కొట్టి సరిగ్గా కీ పల్స్ కొడితే ఆ మడుగే మాయమైపోద్ది. ఒన్ర్యోకి మీద గెలిచినోళ్ళకి ఓడినోళ్ళకి తేడా సగం ఇదే. మిగతా సగం ఓపిక, వాడు గుండు విసిరినప్పుడు వెనక్కి దూకకుండా వాడి పక్కకి దూకి, రెండు కొట్టి బయటికొచ్చేయడం. మూడోది కొడదాం అనిపించుద్ది చూడండి, ఆ మూడో దెబ్బకే జనం చస్తారు.

స్టాన్స్‌ల గురించి, అంటే ఆయుధం పట్టే తీరు గురించి ఒక్క మాట. ఆర్1 పట్టుకుని ట్రయాంగిల్ నొక్కితే హై, స్క్వేర్ అయితే మిడ్, ఎక్స్ అయితే లో. హైలో దెబ్బ గట్టిగా పడుద్ది, ఊపిరి కూడా గట్టిగానే పోద్ది. మిడ్ కాసుకోవడానికి. లో తప్పించుకోవడానికి, ఊపిరి తక్కువ ఖర్చు. మనుషుల మీద మిడ్, యోకాయ్ మీద లో, ఎవడైనా రొప్పుతూ నిలబడితే అప్పుడు హై. ఇంతకు మించి మొదట్లో బుర్ర పెట్టకండి. తర్వాత ఫ్లక్స్ అని ఒక స్కిల్ తీసుకుంటే కీ పల్స్ కొడుతూ అదే టైంలో స్టాన్స్ మార్చితే ఇంకా ఎక్కువ ఊపిరి వస్తుంది, వీడియోల్లో పెద్దోళ్ళు ఆపకుండా కొడుతున్నట్టు కనపడేది అందుకే.

రెండో తిట్టు, "ఇది గేమా లేక పాత సామాన్ల కొట్టా." దీంట్లో నేనూ జనం వైపే. ప్రతి ఎముకల గూడు చచ్చినా ఒక చెప్పుల జత, ఒక టోపీ, రెండు కత్తులు పడేస్తుంది, సంక్రాంతి ముందు బీసెంట్ రోడ్డులో ఫుట్‌పాత్ మీద పరిచినట్టు ఉంటుంది బ్యాగు. ఇందులో కొందరు అరగంటకోసారి కూర్చుని ఒక్కో టోపీ మీద ఉన్న అంకెలన్నీ చదివి పోల్చుకుంటారు, ఆ తర్వాత బోరు కొట్టిందంటారు. కొట్టదా మరి. మొదటిసారి ఆడేటప్పుడు ఆ చిన్న అక్షరాలు చదవాల్సిన పనే లేదు. లెవెల్ నంబర్ ఎక్కువ ఉన్నది తగిలించుకోండి, తెలుపు కంటే పసుపు, పసుపు కంటే నీలం, నీలం కంటే ఊదా, అంతే. మిగతాదంతా ష్రైన్ దగ్గర దేవుడికి సమర్పించేస్తే అమ్రిత వస్తుంది, అంటే మీ లెవెల్ పెరగడానికి కావాల్సిందే. డబ్బులు కావాలంటే తోమే అని ఒక కమ్మరి అమ్మాయి ఉంటుంది, ఆమెకి అమ్మేయండి. ఆ అమ్మాయి దగ్గర సోల్ మ్యాచ్ అని ఇంకోటుంటుంది, మీకు ముద్దొచ్చిన పాత కత్తిని కొత్త లెవెల్‌కి తేవడం, మొదట్లో దాని జోలికెళ్ళారంటే జేబు ఖాళీ. గంటసేపట్లో అంతకంటే మంచి కత్తి నేల మీద దొరుకుద్ది.

బరువు మాత్రం చూసుకోండి. మీ కవచం బరువు మోయగలిగిన దాంట్లో 70 శాతం దాటితే పక్కకి దూకడం నిదానమైపోద్ది, ఊపిరి ఖర్చు పెరుగుద్ది. ఒళ్ళంతా ఇనుము తొడుక్కుని, గేమ్ స్లోగా ఉంది అనేవాళ్ళని నేను చూశాను.

ఆయుధం ఏది అంటే, సమురాయ్ గేమ్ కదా అని అందరూ కత్తే పట్టుకుంటారు. పట్టుకోండి, తప్పు లేదు, దానికి లెవెల్ పెరిగినప్పుడు హార్ట్ అనే స్టాట్‌లో (మీ వాడి బలాల లెక్కలో ఒకటి) పాయింట్లు పెట్టాలి. కానీ మొదటిసారి ఆడేవాళ్ళకి నేను ఈటె ఇస్తాను. దూరం నుంచి పొడవచ్చు, పైగా మొదటి గేమ్‌లో దాని బలం బాడీ అనే స్టాట్ మీద నడుస్తుంది, బాడీ పెంచితే లైఫ్ కూడా పెరుగుద్ది, ఒకే ఖర్చుకి రెండు పనులు. రెండో గేమ్‌లో ఆ స్టాట్ పేరు కాన్‌స్టిట్యూషన్. ఏది పట్టుకున్నా ఒకటే పట్టుకోండి, అన్నిట్లో తలా కొంచెం పెడితే దేనికీ కాకుండా పోతారు.

ఇక పెద్ద గొడవ, స్లాత్ టాలిస్మన్. మ్యాజిక్ అనే స్టాట్‌లో కొన్ని పాయింట్లు పెడితే ఒన్మ్యో అని తాంత్రిక విద్యలు వస్తాయి, వాటిలో ఇదొకటి, శత్రువు మీద విసిరితే కాసేపు వాడు నీళ్ళలో నడుస్తున్నట్టు కదులుతాడు. బాసుల మీద కూడా పని చేస్తుంది. ఆడినోళ్ళలో దీని మీద రెండు పార్టీలు. ఒక పార్టీ, అది వేసి గెలిస్తే అసలు గెలుపే కాదంటుంది. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా పిన్ని కొడుకు ఆ పార్టీ. ఫోన్ చేసి, "అన్నా, స్లాత్ వేసి హినో ఎన్మాని కొట్టావంటగా, అది కూడా ఒక కొట్టడమేనా" అన్నాడు, హినో ఎన్మా అంటే ఇంకో బాస్. "ఒరేయ్, గేమ్ చేసినోడే ఇచ్చాడు కదరా, నేనేమన్నా బయట నుంచి తెచ్చానా" అన్నాను. "అట్టాగైతే లైఫ్ బార్ కూడా వాడే ఇచ్చాడు, అయిపోనీయకుండా ఆడు" అన్నాడు, వాడితో మాటల్లో గెలవలేం. నా లెక్క ఏంటంటే, సమురాయ్‌లకీ నింజాలకీ మంత్రగాళ్ళకీ అందరికీ చోటు పెట్టిన గేమ్ ఇది, ఒక బాస్ దగ్గర రెండు మూడు రోజులు ఇరుక్కుపోతే స్లాత్ వెయ్యండి, దాటండి, ముందుకి పోండి. కానీ ప్రతి బాస్‌కీ అదే వేస్తూ పోతే మాత్రం ఆర్1 లయ ఎప్పటికీ రాదు, చివర్లో ఇద్దరు ముగ్గురు ఒకేసారి వచ్చే మిషన్లలో బోర్లా పడతారు. వేసుకోవాలంటే ముందు ష్రైన్ దగ్గర జుత్సు, అంటే ఆ మంత్రం రెడీ చేసుకోవాలి, స్కిల్ నేర్చుకున్నా జేబులోకి రాలేదేంటని చాలామంది తిప్పలు పడేది ఇక్కడే.

హినో ఎన్మా పేరొచ్చింది కాబట్టి, ఒన్ర్యోకి దాటినోళ్ళలో సగం మంది ఆగిపోయేది ఆవిడ దగ్గర. ఆవిడ దెబ్బలకి పెరాలిసిస్ పట్టుకుంటుంది, కదలకుండా నిలబడిపోతారు, వచ్చి రక్తం పీలుస్తుంది. దానికి విరుగుడు సూదులు ఉంటాయి, ఆ మిషన్‌కి వెళ్ళేముందు షార్ట్‌కట్‌లో పెట్టుకోండి. బ్యాగులో ఉంటే లాభం లేదు, ఆ కంగారులో మెనూ తెరిచి వెతికే టైం ఉండదు.

చచ్చినప్పుడు ఏం చెయ్యాలో కూడా తెలుసుకోండి, ఎందుకంటే చాలాసార్లు చస్తారు. పోగేసుకున్న అమ్రిత చచ్చిన చోటే సమాధిలో ఉంటుంది, మీ గార్డియన్ స్పిరిట్, అంటే మీకు తోడుండే ఆత్మ, దానికి కాపలా. వెళ్ళి తాకితే మొత్తం తిరిగొస్తుంది. దారిలో మళ్ళీ చస్తే స్పిరిట్ తిరిగొస్తుంది గానీ అమ్రిత గంగలో కలిసినట్టే. బాస్ గదిలో చస్తే సమాధి ఆ గదిలోనే ఉంటుంది, దానికోసం పరిగెత్తి మళ్ళీ చావడం మనోళ్ళకి అలవాటు. సమ్మనర్స్ క్యాండిల్ అని ఒక కొవ్వొత్తి దొరుకుద్ది, వెలిగిస్తే స్పిరిట్టూ అమ్రితా రెండూ మీరున్న చోటికే వస్తాయి. అయినా బాస్ తలుపు తెరిచే ముందు ష్రైన్‌కి వెళ్ళి ఉన్న అమ్రితంతా ఖర్చు పెట్టేస్తే ఈ గొడవే లేదు.

దారి పొడవునా ఎర్రగా మెరిసే సమాధులు కనపడతాయి, అవి నిజంగా వేరే ఆటగాళ్ళు చచ్చిన చోట్లు. దగ్గరకెళ్తే వాడి పేరు, లెవెల్, ఎట్టా చచ్చాడో కూడా చూపిస్తుంది. పిలిస్తే వాడి రూపం లేచి మీతో కొట్టుకుంటుంది, ఆడించేది కంప్యూటరే, గెలిస్తే వాడు వేసుకున్న సామాను దొరకొచ్చు. మీ లెవెల్ దగ్గర్లో ఉన్నోడినే లేపండి. మనుషులతో కొట్టుకోవడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ప్రాక్టీస్ ఇంకోటి లేదు, పైగా ఒకే చోట ఆరేడు సమాధులు గుంపుగా కనపడితే ముందు మలుపులో ఏదో తేడా ఉందని అర్థం, మెల్లగా వెళ్ళండి.

"ఎప్పుడూ అవే రాక్షసులు" అన్న తిట్టు మొదటి గేమ్ వరకు నిజమే, దానికి నా దగ్గర మందు లేదు. సగం దాటాక కొత్తవి తగ్గిపోతాయి, ఆ ఒంటికన్ను రాక్షసుడు ప్రతి ఊళ్ళో చుట్టంలా ఎదురొస్తాడు. సైడ్ మిషన్లన్నీ చేయాలని పట్టుదలకి పోకుండా మెయిన్ మిషన్లతో సాగిపోతే అంత తెలియదు. రెండో దాంట్లో పాతవి ఉంచి కొత్తవి బాగా కలిపారు.

అట్టాగైతే నేరుగా రెండోది కొనేద్దామా అని అడుగుతారు. కథ పరంగా ఇబ్బంది లేదు. కానీ రెండో దాంట్లో కీ పల్స్ మీద ఇంకో మూడు పొరలు వేశారు, యోకాయ్‌లా మారడం, చంపిన యోకాయ్ శక్తి వాడుకోవడం, బర్స్ట్ కౌంటర్. ఊపిరే నేర్చుకోకుండా ఇవన్నీ మీద పడితే మెజుకి అనే గుర్రపు తల బాస్ దగ్గరే చేతులెత్తేస్తారు. నా మాట వింటే మొదటిది తక్కువలో దొరుకుద్ది కాబట్టి దాంతో మొదలెట్టండి. రెండో దానికి వెళ్ళాక గుర్తుపెట్టుకోవాల్సింది, శత్రువు ఎర్రగా వెలిగాడంటే పారిపోవద్దు, అదే మీ టైం, ఆర్2 పట్టుకుని సర్కిల్, బర్స్ట్ కౌంటర్ అంటే ఇదే. సరిగ్గా తగిలితే వాడి ఊపిరి బోలెడు పోద్ది. ఇంకా అక్కడ నీలం సమాధులు ఉంటాయి, ఓచోకో కప్పు ఒకటి ఖర్చు పెడితే వేరే ఆటగాడి రూపం వచ్చి మీ పక్కన నిలబడి కొట్టుద్ది, బెరుకున్న వాళ్ళకి చాలా ధైర్యం.

మిగతా చిన్నవి. పీసీలో ఆడేవాళ్ళు కంట్రోలర్ కొనుక్కోండి, మొదటి గేమ్ పీసీకి వచ్చినప్పుడు మౌస్ సపోర్టే లేదు, జనం గోల చేశాక తర్వాత ఇచ్చారు, ఇచ్చినా ఈ గేమ్ వేళ్ళకి కంట్రోలరే సుఖం. గంటకింత అని తీసుకునే పీఎస్ పార్లర్లలో ఇది మొదలెట్టకండి, సేవ్ వాళ్ళ మెషిన్‌లో ఉంటుంది, రేపు ఎవడో డిలీట్ చేస్తాడు. మే నెల్లో మన ఎండలకి కన్సోల్‌ని టీవీ స్టాండ్ అరలోకి తోసి ఆడితే ఫ్యాన్ మోత పక్కింటికి వినపడుద్ది, బయట పెట్టండి. ఇన్వర్టర్ ఉందిలే అనుకోకండి, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులోనే పీసీ ఆగిపోద్ది, చిన్న యూపీఎస్ పెట్టుకోండి. బాస్‌కి పావు లైఫ్ మిగిలుండగా పోయే కరెంటు గురించి ఇంకా నేను చెప్పక్కర్లేదు. ఇంటర్ పిల్లలు ఎవరైనా చదువుతుంటే, పరీక్షలయ్యాకే తమ్ముళ్ళూ.

మూడోది కొందామనుకునేవాళ్ళకి ఒకటి. అందులో సమురాయ్ స్టైల్, నింజా స్టైల్ అని రెండు ఉంటాయి, ఆడుతూనే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారొచ్చు. కీ పల్స్ సమురాయ్ స్టైల్‌లోనే ఉంటుంది, నింజా స్టైల్‌లో అది లేదు, తప్పుకుని వెనక నుంచి కొట్టడమే పని. ముందు రెండు గేములు ఆడి వచ్చినోళ్ళు మొదటి రెండు గంటలు సమురాయ్ స్టైల్‌లోనే ఉండండి, నింజాలోకి అప్పుడే దూకితే వేలు అలవాటుగా ఆర్1 మీదకి పోద్ది, ఊపిరి మాత్రం రాదు.